చర్యా రేటు నుంచి ఉత్పన్నం పరిమాణం: రియాక్టర్లలో గణన

1. లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు
• చర్యా రేటుకూ, తయారయ్యే ఉత్పన్నం పరిమాణానికీ గల సంబంధాన్ని వివరించగలుగుతారు.
• రియాక్టర్‌కు ద్రవ్య సమతుల్యతా సమీకరణం రాయగలుగుతారు.
• బ్యాచ్ రియాక్టర్, కలియబెట్టే ప్రవాహ రియాక్టర్, గొట్టపు రియాక్టర్లలో ఎంత ఉత్పన్నం వస్తుందో లెక్కించగలుగుతారు.
• ఆ లెక్క నుంచే వెలువడే ఉష్ణాన్ని అంచనా వేయగలుగుతారు.

2. ఉపోద్ఘాతం

రేటు నియమం, రేటు స్థిరాంకం, చర్యా క్రమాంకం అనే భావనలు మీకు ఇంతకుముందే పరిచయం. ప్రయోగశాలలో బీకరులో జరిగే చర్యకు ఇవి సరిపోతాయి. కర్మాగారంలో మాత్రం అడిగే ప్రశ్న వేరు: "ఈ 500 లీటర్ల రియాక్టర్ నుంచి గంటకు ఎన్ని కిలోలు వస్తాయి? చర్య జరగకుండా ఎంత మిగిలిపోతుంది?" రేటు తెలిసినంత మాత్రాన ఈ ప్రశ్నకు జవాబు రాదు. రేటును పరిమాణంగా మార్చే పద్ధతి కావాలి. ఆ పద్ధతే ఈ భాగంలోని విషయం.

దీనికి ఉదాహరణగా ఒకే చర్యను చివరిదాకా తీసుకొందాం. అది ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ జలవిశ్లేషణ. ఒక మోల్ ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ ఒక మోల్ నీటితో చర్య జరిపి రెండు మోల్‌ల ఎసిటిక్ ఆమ్లాన్ని ఇస్తుంది.

ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ + నీరు → 2 ఎసిటిక్ ఆమ్లం

పారాసిటమాల్, ఆస్పిరిన్ వంటి మందుల తయారీలో ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ వాడతారు. చర్య ముగిశాక మిగిలిన ఎన్‌హైడ్రైడ్‌ను నీటితో చర్య జరిపించి ఆమ్లంగా మార్చడం వాడుకలో ఉన్న పద్ధతి. హైదరాబాదు పరిసరాల్లోనూ, విశాఖపట్నం దగ్గరి పరవాడలోనూ ఉన్న బల్క్ డ్రగ్ పరిశ్రమల్లో పనిచేసేవారికి ఇటువంటి రియాక్టర్లు రోజూ కనిపించేవే. "ఇంకెంత మిగిలింది?" అన్న ప్రశ్నకు అక్కడ తప్పు జవాబు చెబితే ముడిపదార్థం నష్టమే కాదు, ప్రమాదం కూడా కలగవచ్చు. అది ఎలాగో 8వ విభాగంలో చూస్తారు.

3. రేటు ఏమి చెబుతుంది? ఏమి చెప్పదు?

ఏకాంక ఘనపరిమాణంలో, ఏకాంక సమయంలో ఖర్చయ్యే క్రియాజనకం మోల్‌ల సంఖ్యను ఇక్కడ చర్యా రేటు అంటున్నాం. దాని ప్రమాణం మోల్/(లీటరు × నిమిషం).

విలీన ద్రావణంలో లీటరుకు సుమారు 55 మోల్‌ల నీరు ఉంటుంది. ఎన్‌హైడ్రైడ్ 0.20 మోల్ మాత్రమే ఉంటే, అది మొత్తం చర్య జరిపినా నీటి గాఢత దాదాపు మారదు. కాబట్టి రేటు ఎన్‌హైడ్రైడ్ గాఢత మీద మాత్రమే ఆధారపడినట్లు కనిపిస్తుంది. ఇది మిథ్యా ప్రథమ క్రమాంక చర్య.

ర = క × గ

ఇందులో ర = రేటు, క = రేటు స్థిరాంకం, గ = ఆ క్షణంలో ఎన్‌హైడ్రైడ్ గాఢత. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఈ చర్యకు క విలువ నిమిషానికి సుమారు 0.16. తొలి గాఢతను గ₀ అని రాద్దాం. గ₀ = 0.20 మోల్/లీటరు అయితే, తొలి రేటు

ర = 0.16 × 0.20 = 0.032 మోల్/(లీటరు × నిమిషం)

ఇప్పుడు 500 లీటర్ల ద్రావణం తీసుకొందాం. తొలి క్షణంలో నిమిషానికి 0.032 × 500 = 16 మోల్‌ల ఎన్‌హైడ్రైడ్ ఖర్చవుతుంది. చాలామంది విద్యార్థులు తరువాత చేసే పని ఏమిటంటే, దీన్ని సమయంతో గుణించడం. 10 నిమిషాల్లో 160 మోల్‌లు ఖర్చవుతాయనీ, 320 మోల్‌ల ఆమ్లం, అంటే 320 × 60 = 19,200 గ్రాములు (19.2 కిలోలు) వస్తుందనీ రాస్తారు.

ఈ జవాబును ఒక్కసారి పరీక్షించండి. రియాక్టర్‌లో మొదట ఉన్న ఎన్‌హైడ్రైడ్ మొత్తం 0.20 × 500 = 100 మోల్‌లే. ఉన్నది 100 అయితే 160 ఎలా ఖర్చవుతుంది? మొత్తం చర్య జరిగినా రాగల ఆమ్లం 200 మోల్‌లు, అంటే 12 కిలోలు మాత్రమే.

పొరపాటు గుణకారంలో లేదు. రేటు స్థిరంగా ఉంటుందనుకోవడంలో ఉంది. ఎన్‌హైడ్రైడ్ ఖర్చయ్యేకొద్దీ గాఢత తగ్గుతుంది, గాఢతతోపాటు రేటూ తగ్గుతుంది. 1850లో లుడ్విగ్ విల్‌హెల్మీ ఆమ్ల సమక్షంలో చెరకు చక్కెర జలవిశ్లేషణను పోలారిమీటరుతో పరిశీలించి చెప్పింది ఇదే: ఏ క్షణంలోనైనా రేటు ఆ క్షణంలో మిగిలివున్న చక్కెరకు అనుపాతంలో ఉంటుంది.

కాబట్టి గుర్తుంచుకోవలసిన విషయం: రేటు అంటే పరిమాణం కాదు. ఒక గాఢత వద్ద, ఒక క్షణంలో చర్య ఎంత వేగంగా సాగుతున్నదో అది చెబుతుంది. రియాక్టర్ లోపల ఏ గాఢత, ఎంతసేపు, ఎంత ఘనపరిమాణంలో ఉంటుందో తెలిస్తేనే రేటు నుంచి పరిమాణం వస్తుంది.

4. ద్రవ్య సమతుల్యత

ఏ రియాక్టర్‌కైనా ఒకే లెక్క వర్తిస్తుంది. ఇంటి ఖర్చుల పద్దులాగానే, క్రియాజనకానికీ జమ, ఖర్చు, నిల్వ రాయాలి. ఏకాంక సమయానికి:

లోపలికి వచ్చినది = బయటికి వెళ్ళినది + చర్యలో ఖర్చయినది + లోపల పోగుపడినది

"చర్యలో ఖర్చయినది" అన్న పదంలో మాత్రమే రేటు వస్తుంది. రియాక్టర్ అంతటా గాఢత ఒకేలా ఉంటే దాని విలువ రేటు × ఘనపరిమాణం, అంటే ర × ఘ. మిగిలిన మూడు పదాల్లో ఏవి సున్నా అవుతాయన్నది రియాక్టర్ రకాన్నిబట్టి ఉంటుంది. లెక్క మొదలుపెట్టేముందు ఎప్పుడూ ఈ సమీకరణాన్నే రాయండి. సూత్రాలను కంఠస్థం చేయవలసిన అవసరం ఉండదు.

5. బ్యాచ్ రియాక్టర్

బ్యాచ్ రియాక్టర్‌లో పదార్థాన్ని ఒకేసారి నింపి, చర్య జరిగాక ఒకేసారి ఖాళీ చేస్తారు. చర్య జరిగే సమయంలో వచ్చేది లేదు, పోయేది లేదు. సమతుల్యతా సమీకరణంలో మొదటి రెండు పదాలు సున్నా. కాబట్టి

గాఢత తగ్గే వేగం = క × గ

దీన్ని సమాకలనం చేస్తే

గ = గ₀ × ఇ^(−క × స)

ఇందులో స = సమయం, ఇ = సహజ సంవర్గమానాల ఆధారం (2.718).

ఉదాహరణ 1: పై 500 లీటర్ల ద్రావణంలో 10 నిమిషాల్లో ఎంత ఆమ్లం తయారవుతుంది?

క × స = 0.16 × 10 = 1.6
ఇ^(−1.6) = 0.202
మిగిలిన గాఢత = 0.20 × 0.202 = 0.0404 మోల్/లీటరు
ఖర్చయిన ఎన్‌హైడ్రైడ్ = (0.20 − 0.0404) × 500 = 79.8 మోల్‌లు
తయారైన ఆమ్లం = 2 × 79.8 = 159.6 మోల్‌లు
ద్రవ్యరాశి = 159.6 × 60 = 9,576 గ్రాములు, అంటే సుమారు 9.58 కిలోలు

ముందు వచ్చిన 19.2 కిలోలతో దీన్ని పోల్చి చూడండి. అసలు విలువ అందులో సగం మాత్రమే. ఎన్‌హైడ్రైడ్‌లో సుమారు 80 శాతం చర్య జరిపింది. ఈ భిన్నాన్ని మార్పిడి అంటారు.

5.1 సూత్రం లేనప్పుడు

అన్ని చర్యలకూ ఇంత సులభమైన సమాకలనం ఉండదు. అప్పుడు వేర్వేరు సమయాల్లో కొలిచిన రేట్ల పట్టిక ఉంటే చాలు. మన చర్యకు ఆ పట్టిక ఇలా ఉంటుంది:

సమయం (నిమిషాలు) | రేటు (మోల్/(లీటరు × నిమిషం))
0 | 0.0320
2 | 0.0232
4 | 0.0169
6 | 0.0123
8 | 0.0089
10 | 0.0065

రేటును నిలువు అక్షం మీద, సమయాన్ని అడ్డు అక్షం మీద తీసుకొని గ్రాఫు గీస్తే, ఆ వక్రరేఖ కింది వైశాల్యమే లీటరుకు ఖర్చయిన మోల్‌ల సంఖ్య. సమలంబ చతుర్భుజ సూత్రం ప్రకారం మొదటి, చివరి విలువల సగటుకు మధ్య విలువలన్నీ కలిపి, కాలవ్యవధి 2 నిమిషాలతో గుణించాలి.

మొదటి, చివరి విలువల సగటు = (0.0320 + 0.0065) ÷ 2 = 0.01925
మధ్య విలువల మొత్తం = 0.0613
వైశాల్యం = 2 × (0.01925 + 0.0613) = 0.161 మోల్/లీటరు

సమాకలనం ద్వారా వచ్చిన విలువ 0.1596. తేడా ఒక శాతం మాత్రమే. వ్యవధిని ఇంకా తగ్గిస్తే ఈ తేడా కూడా తగ్గుతుంది. చర్య ఏ క్రమాంకానికి చెందినదైనా ఈ పద్ధతి పనిచేస్తుంది.

5.2 గంటకు ఎంత?

బ్యాచ్ రియాక్టర్‌కు నింపడం, ఖాళీ చేయడం, కడగడం అనే పనులు తప్పవు. వీటికి 30 నిమిషాలు పడుతుందనుకోండి. చర్యకు 10 నిమిషాలు కలిపితే ఒక బ్యాచ్‌కు 40 నిమిషాలు. అప్పుడు గంటకు 9.58 × 60 ÷ 40 = 14.4 కిలోలు.

చర్యను 20 నిమిషాలు జరగనిస్తే ఇ^(−3.2) = 0.041. మార్పిడి 96 శాతం. ఒక బ్యాచ్‌కు 11.5 కిలోలు వస్తాయి. కాని బ్యాచ్ సమయం 50 నిమిషాలు కాబట్టి గంటకు 13.8 కిలోలు. గంటకు వచ్చే ఉత్పన్నం కొద్దిగా తగ్గింది. మిగిలిపోయే ఎన్‌హైడ్రైడ్ మాత్రం 20 శాతం నుంచి 4 శాతానికి పడిపోయింది. ఏది మేలన్నది మీ అవసరాన్నిబట్టి నిర్ణయించాలి. మిగిలిన ఎన్‌హైడ్రైడ్‌ను పోగొట్టడమే ఉద్దేశమైతే రెండోదే సరైనది.

6. కలియబెట్టే ప్రవాహ రియాక్టర్

ఈ రియాక్టర్‌లోకి ద్రావణం ఆగకుండా వస్తూ ఉంటుంది, అంతే వేగంతో బయటికి వెళుతూ ఉంటుంది. లోపల బాగా కలియబెడతారు కాబట్టి గాఢత అంతటా ఒకటే. బయటికి వెళ్ళే ద్రావణం గాఢత కూడా అదే. కొంతసేపటికి నిలకడ స్థితి వస్తుంది, అప్పుడు పోగుపడే పదం సున్నా అవుతుంది.

ప్రవాహ రేటును ప్ర అందాం. అప్పుడు

ప్ర × గ₀ = ప్ర × గ + క × గ × ఘ

ఉదాహరణ 2: అదే 500 లీటర్ల పాత్రలోకి నిమిషానికి 50 లీటర్ల ద్రావణం (గ₀ = 0.20) వస్తున్నది. నిమిషానికి ఎంత ఆమ్లం తయారవుతుంది?

50 × 0.20 = 50 × గ + 0.16 × గ × 500
10 = 130 × గ
గ = 0.0769 మోల్/లీటరు
ఖర్చయిన ఎన్‌హైడ్రైడ్ = 50 × (0.20 − 0.0769) = 6.15 మోల్‌లు నిమిషానికి
తయారైన ఆమ్లం = 12.3 మోల్‌లు, అంటే నిమిషానికి సుమారు 738 గ్రాములు

మార్పిడి 61.5 శాతం. ద్రావణం రియాక్టర్‌లో ఉండే సగటు కాలం 500 ÷ 50 = 10 నిమిషాలే. బ్యాచ్‌లో అదే 10 నిమిషాల్లో 80 శాతం వచ్చింది కదా, ఇక్కడ ఎందుకు తగ్గింది?

కారణం గాఢతలోనే ఉంది. బ్యాచ్‌లో చర్య 0.20 వద్ద మొదలై క్రమంగా 0.0404కు దిగుతుంది. ఇక్కడ లోపలికి వచ్చిన ద్రావణం వెంటనే కలిసిపోయి 0.0769కు పలచబడుతుంది. పాత్ర అంతా ఎప్పుడూ ఆ తక్కువ గాఢత వద్దే పనిచేస్తుంది కాబట్టి రేటు కూడా ఎప్పుడూ తక్కువే.

జవాబును సరిచూసుకోవడానికి ఒక సులభమైన మార్గం ఉంది. రేటు × ఘనపరిమాణం = 0.16 × 0.0769 × 500 = 6.15. ప్రవాహం నుంచి వచ్చిన విలువా అదే. ఈ రెండూ కలవకపోతే ఎక్కడో లెక్క తప్పిందని అర్థం.

7. గొట్టపు రియాక్టర్

పొడవైన గొట్టంలో ద్రావణం ముందుకు, వెనక్కు కలవకుండా సాగిపోతుందనుకోండి. లోపలికి వచ్చిన ప్రతి చిన్న ద్రావణ భాగం గొట్టం వెంట ప్రయాణించే ఒక చిన్న బ్యాచ్ లాంటిది. కాబట్టి బ్యాచ్ సూత్రాన్నే వాడవచ్చు. సమయానికి బదులు ఘ ÷ ప్ర తీసుకోవాలి.

500 లీటర్ల గొట్టంలో నిమిషానికి 50 లీటర్లు ప్రవహిస్తే ఘ ÷ ప్ర = 10 నిమిషాలు. మార్పిడి 79.8 శాతం. ఖర్చయ్యే ఎన్‌హైడ్రైడ్ నిమిషానికి 7.98 మోల్‌లు, తయారయ్యే ఆమ్లం 15.96 మోల్‌లు, అంటే నిమిషానికి 958 గ్రాములు.

ఒకే ఘనపరిమాణం, ఒకే ప్రవాహం, ఒకే రేటు స్థిరాంకం. అయినా ఒకదానిలో 738 గ్రాములు, మరొకదానిలో 958 గ్రాములు. ఒక 500 లీటర్ల ట్యాంకుకు బదులు 250 లీటర్ల ట్యాంకులు రెండు వరుసగా పెడితే గాఢత మొదటిదానిలో 0.1111కూ, రెండోదానిలో 0.0617కూ దిగుతుంది. అప్పుడు నిమిషానికి సుమారు 830 గ్రాములు వస్తుంది. ట్యాంకుల సంఖ్య పెంచేకొద్దీ ఫలితం గొట్టపు రియాక్టర్‌కు దగ్గరవుతుంది.

8. ఉష్ణోగ్రత, ఉష్ణం

ఉష్ణోగ్రతను 40 డిగ్రీలకు పెంచితే క విలువ నిమిషానికి సుమారు 0.38 అవుతుంది, అంటే దాదాపు 2.4 రెట్లు. ఉత్పన్నం కూడా 2.4 రెట్లు అవుతుందా? ఉదాహరణ 2ను మళ్ళీ చేద్దాం.

10 = 50 × గ + 0.38 × 500 × గ = 240 × గ
గ = 0.0417 మోల్/లీటరు
ఆమ్లం = 2 × 50 × (0.20 − 0.0417) = 15.8 మోల్‌లు, అంటే నిమిషానికి సుమారు 950 గ్రాములు

ఉత్పన్నం 738 నుంచి 950 గ్రాములకు, అంటే సుమారు 1.3 రెట్లు మాత్రమే పెరిగింది. రేటు స్థిరాంకం పెరగ్గానే లోపలి గాఢత తగ్గింది. రేటు ఈ రెండింటి లబ్ధం కదా.

ఇక ఉష్ణం సంగతి. ఈ చర్య ఉష్ణమోచకం. ఒక మోల్ ఎన్‌హైడ్రైడ్‌కు సుమారు 60 కిలోజౌళ్ల ఉష్ణం వెలువడుతుంది. కాబట్టి ఉత్పన్నాన్ని లెక్కించిన రేటుతోనే ఉష్ణాన్ని కూడా లెక్కించవచ్చు.

ఉష్ణం వెలువడే వేగం = రేటు × ఘనపరిమాణం × మోల్‌కు ఉష్ణం

ఉదాహరణ 1లో తొలి క్షణంలో ఇది 16 × 60 = 960 కిలోజౌళ్లు నిమిషానికి, అంటే 16 కిలోవాట్లు. ద్రావణం విలీనమైనది కాబట్టి ఉష్ణాన్ని ఏమాత్రం తొలగించకపోయినా మొత్తం మీద ఉష్ణోగ్రత సుమారు 3 డిగ్రీలే పెరుగుతుంది. భయం లేదు.

గాఢత పదింతలైతే? అదే రేటు స్థిరాంకంతో అంచనా వేస్తే తొలి ఉష్ణం 160 కిలోవాట్లు అవుతుంది. చల్లబరచకపోతే ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు పెరగవచ్చు. ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ క పెరుగుతుంది, దానితో ఉష్ణం మరింత వేగంగా వెలువడుతుంది. రియాక్టర్ జాకెట్‌లోని చల్లని నీరు ఆ వేగాన్ని అందుకోలేకపోతే చర్య అదుపు తప్పుతుంది.

ఇక్కడే "పోగుపడినది" అన్న పదం ప్రాముఖ్యం తెలుస్తుంది. ఎసిటిక్ ఎన్‌హైడ్రైడ్ నీటికన్నా బరువైనది, నీటిలో నెమ్మదిగా కలుస్తుంది. కలియబెట్టే యంత్రం ఆగిపోయినా ఎన్‌హైడ్రైడ్ పోయడం ఆపకపోతే అది అడుగున పేరుకుపోతుంది. ఉష్ణోగ్రత పెరగడం లేదు కాబట్టి అంతా సవ్యంగా ఉన్నట్లే కనిపిస్తుంది. నిజానికి పద్దులో నిల్వ పెరుగుతున్నది. యంత్రాన్ని తిరిగి నడిపిన క్షణంలో ఆ నిల్వ అంతా ఒక్కసారిగా చర్యకు దిగుతుంది. పోసిన మోల్‌లెన్ని, చర్య జరిపిన మోల్‌లెన్ని అని సరిచూసేవారికి ఈ ముప్పు ముందే తెలుస్తుంది. థర్మామీటరును మాత్రమే చూసేవారికి ఆలస్యంగా తెలుస్తుంది.

9. సారాంశం

• రేటు ఒక క్షణానికీ, ఒక గాఢతకూ సంబంధించినది. తొలి రేటును మొత్తం సమయంతో గుణించరాదు.
• ప్రతి లెక్కనూ ద్రవ్య సమతుల్యతతో మొదలుపెట్టాలి.
• బ్యాచ్ రియాక్టర్‌లో రేటును సమయం మీద, గొట్టపు రియాక్టర్‌లో ఘనపరిమాణం మీద సమాకలనం చేయాలి. కలియబెట్టే ప్రవాహ రియాక్టర్‌లో నిష్క్రమణ గాఢత వద్ద రేటును ఘనపరిమాణంతో గుణించాలి.
• క్రియాజనకం మోల్‌ల నుంచి ఉత్పన్నం మోల్‌లకు వెళ్ళేటప్పుడు సమీకరణంలోని గుణకాలను మరవరాదు. ఇక్కడ ఆ గుణకం 2.
• వచ్చిన జవాబు గరిష్ఠంగా రాగల పరిమాణాన్ని దాటలేదని చివరగా సరిచూసుకోవాలి.

10. మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అన్ని ప్రశ్నలకూ ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, క = నిమిషానికి 0.16)

1. బ్యాచ్ రియాక్టర్‌లో 200 లీటర్ల ద్రావణం ఉంది. ఎన్‌హైడ్రైడ్ తొలి గాఢత 0.30 మోల్/లీటరు. 5 నిమిషాల్లో ఎంత ఆమ్లం తయారవుతుంది?
2. 300 లీటర్ల కలియబెట్టే ప్రవాహ రియాక్టర్‌లోకి 0.10 మోల్/లీటరు గాఢత గల ద్రావణం నిమిషానికి 60 లీటర్ల చొప్పున వస్తున్నది. నిమిషానికి ఎంత ఆమ్లం తయారవుతుంది?
3. ఉదాహరణ 2లో ట్యాంకు ఘనపరిమాణాన్ని సగానికి తగ్గించి, ప్రవాహాన్ని అలాగే ఉంచితే ఆమ్లం కూడా సగమవుతుందా? కారణం రాయండి.

11. జవాబులు

1. ఇ^(−0.8) = 0.449. ఖర్చయిన ఎన్‌హైడ్రైడ్ సుమారు 33 మోల్‌లు. ఆమ్లం సుమారు 66 మోల్‌లు, అంటే దాదాపు 4 కిలోలు.
2. 6 = (60 + 48) × గ, గ = 0.0556 మోల్/లీటరు. ఆమ్లం నిమిషానికి 5.33 మోల్‌లు, అంటే 320 గ్రాములు.
3. కాదు. 10 = (50 + 40) × గ, గ = 0.111 మోల్/లీటరు. ఆమ్లం నిమిషానికి సుమారు 533 గ్రాములు, అంటే ముందున్న దానిలో 72 శాతం. ఘనపరిమాణం సగమైనా లోపలి గాఢత పెరగడం వల్ల రేటు పెరిగి ఆ తగ్గుదలను కొంతవరకు భర్తీ చేసింది.